అయ్యేదాకా బాబాయి

మా మెకానిక్ బాబాయికి ఒక్కటే జబ్బు. మొదలెట్టింది ఏదైనా సరే మధ్యలో ఆపడు, ఎదుటివాళ్ళని ఆపనివ్వడు. టీ తాగితే గ్లాసు అడుగున మిగిలిన పొడిని కూడా వదలడు. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయిందా, ముక్కు పైకెత్తి సూర్యుడికేసి చూస్తూ నిలబడిపోతాడు, వచ్చేదాకా. అందుకే అసలు పేరు అందరూ మర్చిపోయి "అయ్యేదాకా బాబాయి" అని ఖాయం చేసేశారు.

ఆయన షెడ్డులో "సర్లే, పోనీ" అనకూడదు. ఒకసారి పాల వ్యాను డ్రైవరు "మా మామగారున్నారు చూశావా..." అని మొదలెట్టి, "ఎందుకులే బాబాయ్" అన్నాడు. అంతే! బాబాయి అతని బండి తాళాలు జేబులో వేసుకుని స్టూలు లాక్కున్నాడు.

"మామగారున్నారు. ఉంటే?"

పాపం, ఆ రోజు పాలన్నీ విరిగిపోయాయి.

ఈ పిచ్చికి ఆయన చేసే పని కూడా తోడైంది. డీజిల్ వ్యాన్లకి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. సందుల్లోనే తిరిగే బండికి అందులో మసి పేరుకుపోయి, మీటర్ల దగ్గర పసుపు దీపం వెలుగుతుంది. హైవే ఎక్కి ఆపకుండా తోలితే ఆ వేడికి మసి కాలిపోయి దీపం ఆరుతుంది. మధ్యలో ఆపితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఈ ఫిల్టరుని దేవుడు బాబాయి కోసమే పుట్టించాడని మా అక్క అనేది. అంటే, నాతో మాట్లాడే రోజుల్లో.

అక్కా నేనూ ఒక డీజిల్ వ్యాను పెట్టుకుని లాండ్రీ నడుపుతున్నాం. ఒక హోటలు వాళ్ళ తెల్ల దుప్పట్లలో ఎవరిదో ఎర్ర తువ్వాలు కలిసిపోయి, తీసేసరికి అన్నీ గులాబీ రంగు. "ఇది నీ నిర్వాకమే!" అంది అక్క. "నాది కాదు" అన్నాను. "సర్లే, నీతో ఏంటి" అంది. అక్కడితో మాటలు బంద్. అప్పట్నుంచి ఇద్దరం ఇస్త్రీపెట్టెతో మాట్లాడేవాళ్ళం. "కొందరు ప్లగ్గు తియ్యడం మర్చిపోతారు" అని ఆవిడ దానికి చెప్పేది. "కొందరికి నోరెక్కువ" అని నేనూ దానికే చెప్పేదాన్ని. ఇక లాభం లేదు, వ్యాను అమ్మేసి ఎవరి దారి వాళ్ళం చూసుకుందామనుకున్నాం. లోపల నా ప్రాణం ఉసూరుమంటోంది, పైకి చెప్పడానికి నామోషీ. కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు కానీ, ఆ పసుపు దీపం వెలుగుతుంటే బండి ముట్టుకోనన్నాడు. దాంతో బాబాయి షెడ్డుకి పట్టుకెళ్ళాం.

"ఆ కంప్యూటరేదో పెట్టి దీపం ఆర్పెయ్ బాబాయ్, చాలు" అంది అక్క.

"దీపం ఆర్పితే మసి పోతుందా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంటుంది. ఎక్కండి ఇద్దరూ!"

"ఇద్దరం ఎందుకు?"

"బండి ఇద్దరిదా, కాదా?"

అక్క స్టీరింగు దగ్గర, నేను కిటికీ దగ్గర, మధ్యలో బాబాయి, ఆయన ఒళ్ళో మసి ఎంత కాలిందో చూపించే యంత్రం. పసుపు దీపం మీద నల్ల టేపు అంటించాడు. అందరి బండ్లకీ అంటిస్తాడు. "దాన్నే చూస్తూ కూచుంటే తోలేవాళ్ళకి తొందర పుడుతుంది. అయినప్పుడు నేనే చెప్తా" అంటాడు.

హైవే ఎక్కాం.

"బాబాయ్, కిటికీ మూయమని చెప్పు ఆవిడకి" అంది అక్క.

"బాబాయ్, నాకు ఊపిరాడదని చెప్పు ఆవిడకి" అన్నాను.

"నేనేమైనా టెలిఫోను తీగనా? అసలు మీ దుప్పట్ల గొడవ ఎక్కడ ఆగింది?"

"'సర్లే, నీతో ఏంటి' దగ్గర" అన్నాను.

"అయితే అక్కణ్ణించి కానివ్వండి."

కానిచ్చాం. దుప్పట్లతో మొదలైంది చిన్నప్పుడు అక్క కత్తిరించిన నా బొమ్మ జడ దాకా వెళ్ళింది. నేను అరిచాను, ఆవిడ అరిచింది. బండి మాత్రం బుద్ధిగా ఒకే వేగంతో పోయింది. టోల్ గేటు కూడా దాటేశాం. "అయిందా బాబాయ్?" అని అక్క అడగడం, ఆయన యంత్రంలోకి తొంగిచూసి "ఇంకా అవలేదమ్మా, ఆపకు" అనడం.

ఉన్నట్టుండి అక్క గొంతు తగ్గింది. "ఆ ఎర్ర తువ్వాలు నాదే. నేనే వేశాను. నిన్ను అనేశాక గుర్తొచ్చింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నాచేత ఇస్త్రీపెట్టెతో మాట్లాడించావా!" అని అరిచాను. ఆ మాట నా చెవిన నాకే పడి నవ్వాగలేదు. అక్కకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"వ్యాను అమ్మొద్దే" అన్నాను.

"ఎవరమ్ముతున్నారు?" అంది, ఆ ఊసు అప్పుడే విన్నట్టు.

"ఆఁ, అయింది. వెనక్కి తిప్పమ్మా" అన్నాడు బాబాయి.

షెడ్డు దగ్గర దిగాక, అక్క కొనేవాడికి ఫోను చేసి రావద్దని చెబుతుంటే, నేను టేపు పీకి చూశాను. దీపం లేదు.

"ఎప్పుడారింది బాబాయ్?"

"టోల్ గేటు కంటే ముందే."

"మరి అవలేదన్నావుగా!"

"అవలేదుగా మరి! మీ గొడవ సగంలో ఉంటే బండి ఎలా ఆపమంటాను?"

పీకిన టేపు ఉండచుట్టి పారేద్దామని పక్కకి చూశాను. బల్ల మీద ఆయన గ్లాసు ఉంది. అందులో సగం టీ, చల్లారి మీగడ కట్టి.

"బాబాయ్! మాకోసం టీ మధ్యలో వదిలేసి వచ్చావా?"

బాబాయి దొంగలా దొరికిపోయాడు. అటూ ఇటూ చూసి, "ఎవరితోనూ అనకండే" అని గ్లాసెత్తి, మీగడతో సహా, అడుగున పొడితో సహా గడగడా తాగేశాడు.