బొటనవేలు ఆగే చోటు

ఈ వైశాఖంలో రెండో మంగళవారం, మధ్యాహ్నం రెండూ పది. ధర్మవరంలో మా ఇంటి ముందుగదిలో గోడకు ఆనించిన డబుల్ బేస్ ఫట్‌మని పగిలింది. టెంకాయ కొట్టినట్టు ఒక్కటే చప్పుడు. ఆ వెనకే నాలుగు తీగలూ వదులై మూలిగాయి. దగ్గరికి వెళ్తే పగులులోంచి పాత లక్క, సాంబ్రాణి కలిసినట్టుండే వాసన వచ్చింది. మౌలాలి మాస్టరు దుకాణం వాసన అది. టైము నోటుబుక్కులో రాసుకున్నాకే కూర్చున్నాను. ఏది జరిగినా ముందు టైము రాయడం ఆయన పెట్టిన అలవాటే.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెప్తున్నాను. మౌలాలి మాస్టరు హార్మోనియాలు బాగుచేసేవారు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా కూడా నడిపేవారు. మనిషి పొట్టి. ఆయన బేస్ ఆయనకంటే జానెడు ఎత్తు. ఊళ్లో దాన్ని పెద్ద ఫిడేలు అనేవాళ్లు. పక్కన నిలబడి, మనిషి భుజం పట్టుకున్నట్టు పట్టుకుని, వేళ్లతో తీగలు మీటాలి. పాటలో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వినరు. అది ఆగితే మాత్రం ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది.

మాది మగ్గం ఇల్లు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఆయన కూతురి పెళ్లికి పట్టుచీర చూడ్డానికి వచ్చారు. నేను మగ్గం మీద సాగదీసిన పడుగు పైన చేయి ఆడిస్తూ, వదులైన పోగును చూడకుండానే పట్టి బిగిస్తున్నాను. ఆయన చీర సంగతి మరిచిపోయి నిలబడిపోయారు.

“ఏమప్పా, ఈ పాప కండ్లతో పన్ల్యాకుండా సడిలిన పోగు పట్టుకుంటాంది. నాకియ్యప్పా.”

నాయన మగ్గం ఆపాడు. “యాడికియ్యాల?”

“ఆర్కెస్ట్రాకు. నాకు చెయ్యి సాలు. పాప నీ దగ్గరే ఉంటాది.”

“చెయ్యి ఒగటే ఎట్ల పంపేదప్పా?” అని నాయన నవ్వాడు. నాయన నవ్వితే ఒప్పుకున్నట్టే.

గిటారుకు ఉన్నట్టు డబుల్ బేస్ మెడకు మెట్లు ఉండవు. స్వరం ఎక్కడుందో వేలికే తెలియాలి. మొదటిరోజే ఆయన నా కళ్లకు తువ్వాలు కట్టారు. మెడ వెళ్లి పొట్టతో కలిసేచోట వెనకవైపు మడమలాంటి ఎత్తు ఉంటుంది. కిందికి జారుతూ వచ్చిన ఎడమ బొటనవేలు దానికి తగిలి ఆగుతుంది.

“ఆగిందా? అదే నీ ఇల్లు. యాడికి పోయినా అడ్రస్సు ఆడ్నించే ఎతుక్కో.”

తప్పిన ప్రతి స్వరాన్నీ నాచేతే రాయించేవారు. ఏ రోజు, ఏ పాట, ఏ తీగ. “రాసుకోకుంటే మన చెవి మనకే అబద్ధం చెప్తాది పాపా,” అనేవారు. మూడు నెలల్లో నా తప్పులు రోజుకు నలభై నుంచి ఆరుకు తగ్గాయి. ఆ నోటుబుక్కు ఇంకా ఉంది.

ఎండాకాలం మా వైపు గాలికి తలుపుచెక్కలే విచ్చుకుంటాయి. ఇక పల్చటి చెక్కల బేస్ ఎంత? నాలుగు రోజులకొకసారి నీళ్లు వచ్చే రోజుల్లో కూడా ఆయన దాని పక్కన తడిగుడ్డ ఆరవేసేవారు. ఆయన భార్య బీబమ్మ ఊరుకునేది కాదు.

“మనుషులకే నీళ్లు ల్యాకుంటే కట్టెకు తాపుతాండావే!”

“నా గడ్డం నీళ్లే పోసినాలే,” అనేవారు మాస్టరు. నిజమే. ఆ నెలల్లో ఆయన వారానికి ఒక్కసారే గడ్డం గీసుకునేవారు. పెళ్లివాళ్లు ఆయన్ని చూసి ఎవరో సాధువు అనుకుని ముందు ఆయనకే భోజనం పెట్టించేవాళ్లు. ఆయన ఏనాడూ కాదనలేదు.

ఒకసారి మడకశిర బస్సులో కండక్టరు బేస్‌కు కూడా టికెట్ కొట్టాలన్నాడు. “కొట్టప్పా. సీటు గూడా సూపియ్యి మరి,” అన్నారు మాస్టరు. కండక్టరు పంతానికి పోయి వెనక సీట్లో ఇద్దర్ని జరిపాడు. పెద్ద ఫిడేలు కిటికీ పక్కన కూర్చుంది. నేను మడకశిర దాకా నిలబడ్డాను.

చేతులు వణకడం మొదలయ్యాక ఆయన బేస్ నాకిచ్చారు. ఆయన పోయి పద్నాలుగేళ్లు. నాకిప్పుడు డెబ్బయ్యొకటి. ఇంకా వాయిస్తున్నాను. ఈసారి తడిగుడ్డ మరిచానేమోనని నోటుబుక్కు తీసి చూశాను. మరవలేదు. కట్టెకు వయసైపోయింది, అంతే. బాగుచేసే అతను చూసి, అతికినా వచ్చే ఎండలకు మళ్లీ పగులుతుందన్నాడు. మేము ఒప్పుకున్న పెళ్లి కార్యక్రమం ఇరవై మూడు రోజుల్లో ఉంది.

మా ఐదుగురి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే రమేష్ వచ్చి, “అవ్వా, నీకెందుకు తిప్పలు? బేస్ సౌండు నా కీబోర్డులో ఎడంచేతి కిందనే ఉండాది. నొక్కితే పలుకుతాది,” అన్నాడు. మంచికే అన్నాడు. కానీ ఆ ఎడమచేయి ఒక్క పెళ్లిలో అలవాటైతే చాలు, ఆ తర్వాత నాకు స్టేజీ మీద చోటుండదు.

అందుకే పొట్ట లేకుండా కరెంటుతో పలికే నిలువు బేస్ కోసం బెంగళూరు వెళ్లాను. చేతిలో నలభై ఐదు వేలు, కొలత టేపు, మాస్టరు నాటి పాత నోటుబుక్కు. అంగడి యజమానురాలిది హిందూపురం వైపు. మూడు చూపించింది. మొదటిది ఇరవై ఎనిమిది వేలు. టేపు పెట్టాను. తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలే. మాస్టరుది నలభై ఒకటిన్నర.

“అంగుళాల్తో ఏం పనమ్మా, సౌండు ఇను.”

“సౌండు తిప్పుకునేకి నాబు ఉండాది. నా వేళ్లు తిప్పుకునేకి యాడుండాది?”

రెండోది లక్షా పదివేలు. భుజం, మడమ, అన్నీ ఉన్నాయి. ఒక పాట వాయించి, ధర రాసుకుని, దణ్ణం పెట్టి పక్కన పెట్టాను. మూడోది నలభై మూడున్నర వేలు. పొడవు సరిగ్గా నలభై ఒకటిన్నర. మెడ వంకర లేదు. ఫ్యాను ఆపించి, వైరు పీకించి ముందు ఉత్తగా మీటాను. నాలుగు తీగలూ సమానంగా పలికాయి. వైరు పెట్టాక కూడా అంతే. కానీ వెనక మడమ లేదు. కళ్లు మూసుకుంటే బొటనవేలు మూడుసార్లు మూడు చోట్ల ఆగింది.

“మెడ పక్కన సుక్కలు పెట్టుకో అమ్మా. శానామంది చూసే వాయిస్తారు.”

“చూసి వాయించేదానికైతే ఇన్నేండ్లు ఎందుకు నేర్చుకునింది?” అన్నాను. స్టూలు మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. వట్టి చేతులతో తిరిగి వెళ్తే రమేష్ ఎడమచేతికి నేనే దారి ఇచ్చినట్టు. ఊరికే పాత పుటలు తిరగేశాను. నా మొదటి నెల రాతలోనే ఉంది: పై కొస నుంచి మడమ దాకా పద్నాలుగు అంగుళాలు. తీగ పొడవు ఒకటే అయినప్పుడు మడమ ఎక్కడ ఉండాలో కూడా ఒకటే. లేనిది చెక్కముక్క, చోటు కాదు. డబ్బు కట్టేశాను.

ఇంటికొచ్చి వడ్రంగితో పాత బేస్ మడమ నుంచి రూపాయి బిళ్లంత ముక్క కోయించి, కొత్తదాని వెనక పద్నాలుగో అంగుళం దగ్గర అతికించాను. పదకొండు రోజులు కళ్లు మూసుకుని వాయించాను. తప్పులు రోజుకు ముప్పై ఒకటితో మొదలై నాలుగు దగ్గర ఆగాయి.

రిహార్సల్ రోజు మొదటి పాట తన్మయంగా వాయించాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

“బ్రహ్మాండంగా ఉండాదవ్వా,” అన్నాడు రమేష్. “స్విచ్చి ఏస్తే ఇంగా బాగుంటాది.”

వేశాను. రెండో పాట పల్లవి అయ్యేసరికి రమేష్ ఎడమచేయి కీబోర్డు మీంచి తీసి తొడ మీద పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా అది అక్కడే ఉంది.

ఆ సాయంత్రం పోయినవి రాసుకున్నాను. కర్ర బేస్ ఒకటి. వాయిస్తుంటే నా పొట్టకు ఆని అదిరే ఆ అదురు. నలభై మూడున్నర వేలు, బస్సు చార్జీలు వేరే. పద్నాలుగేళ్ల కింద మాస్టరు. పోయిన పాటలు, సున్నా.