ఫిదెలీనో చదివిన నలభై ఒకటో పేజీ

ఒతీలియా హోటల్ వంటింట్లో నూనె మూకుడు భగ్గున అంటుకున్న రోజున, గోడకు వేలాడుతున్న మంటలార్పే ఎర్ర సిలిండర్‌ను అందరికంటే ముందు అందుకున్నవాడు లారీ డ్రైవర్ ఫిదెలీనో. అందుకుని, దాని మీద రాసి ఉన్నది చదవడం మొదలుపెట్టాడు. మొదటి సూచన పూర్తయ్యేసరికి కిటికీ తెర అంటుకుంది. మూడో సూచన దగ్గర గోడమీది కేలండర్‌లో ఆగస్టు నెల పోయింది. ఐదో సూచన నడుస్తుండగా ఒతీలియా తడి గోనెసంచి తెచ్చి మూకుడు మీద పడేసి మంట ఆర్పింది. ఫిదెలీనో చివరిదాకా చదివి, సిలిండర్‌ను మళ్లీ మేకుకు తగిలించి, "దీన్ని ఏడాదికోసారి పరీక్ష చేయించాలట దోన్యా ఒతీలియా. మీది నాలుగేళ్లు దాటింది" అన్నాడు, ఆ ప్రాంతపు మర్యాద పిలుపుతో.

"చేయించి మాత్రం ఏం లాభం, అందుకునేది మీరైతే" అంది ఒతీలియా మసి తుడుచుకుంటూ.

అదీ ఫిదెలీనో వరస. అచ్చులో ఉన్నది ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా, నలుగురికీ వినబడేలా పైకి చదివితే తప్ప ఆ మనిషి ముందుకు కదలడు. చివర ఎక్కడ అచ్చయిందో కూడా వదలడు. "ముద్రణ: లా పాల్మా ప్రెస్, సకాపా" అని ఆయన ముగించగానే హోటల్‌లో ఉన్నవాళ్లంతా "ఆమెన్" అనేవారు. మొదట్లో వెటకారానికే అన్నారు. తర్వాత అలవాటైపోయింది.

తలనొప్పి మాత్రలు కొంటే పెట్టెలోని మడతల కాగితం విప్పి, అవి ఎవరెవరు వేసుకోకూడదో, వేసుకుంటే ఏమేమి రావచ్చో భోజనాల బల్ల దగ్గర చదివేవాడు. ఒకసారి అలా చదువుతుండగా ఖర్బూజా రైతు నోల్బెర్తో కళ్లు తిరిగి, చెమటలు పట్టి, బల్ల మీద తల వాల్చేశాడు. మాత్ర వేసుకున్నది ఫిదెలీనో. నోల్బెర్తో పుచ్చుకున్నది ఒక కప్పు కాఫీ.

ఇంకోసారి ఎవరి అంత్యక్రియలకో శవపేటిక ముందు కొమ్ము పట్టాడు. చర్చి తలుపుకు కొత్తగా అంటించిన పెళ్లి ప్రకటన కంటబడింది. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లు, అభ్యంతరమున్నవాళ్లు ఫాదర్‌గారికి తెలపాలన్న మాట, అన్నీ అయ్యేదాకా వెనక ఐదుగురూ ఆ ఎండలో బరువు మోస్తూ నిలబడ్డారు. పేటికలో ఉన్నాయన తప్ప అందరూ విసుక్కున్నారు.

ఒతీలియా హోటల్ గోడమీద వంటల పట్టిక ఒకటుంది. పదకొండేళ్లుగా అందులో అక్షరం మారలేదు. చిక్కుడుగింజల ముద్ద, మీగడ, జున్ను, కోడి పులుసు, గురువారం సంతరోజున మాత్రం వేయించిన పందిమాంసం. పువెర్తో బారియోస్ రేవుకు సరుకు తీసుకెళ్తూ ఫిదెలీనో అన్నేళ్లుగానూ వారానికి మూడుసార్లు ఆ హోటల్ ఉన్న గ్వాలాన్ ఊళ్లో ఆగేవాడు. ఆగిన ప్రతిసారీ ఆ పట్టిక మొత్తం చదివేవాడు. చదివి, ప్రతిసారీ చిక్కుడుగింజలే అడిగేవాడు.

ఇక ఒతీలియా సంగతి. ఆవిడకు చదువు రాదు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. నోట్లను రంగు చూసి గుర్తుపట్టేది. గ్యాస్ రసీదో, కరెంటు కాగితమో వస్తే, "నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో" అంటూ గల్లాపెట్టె పక్కన పడేసేది. ఆ కళ్లజోడు ఎప్పుడూ ఆవిడ మెడలోనే వేలాడుతుండేది. మధ్యాహ్నం ఫిదెలీనో వచ్చి, ఆ కాగితం చూసి, ఎవరూ అడక్కుండానే పైకి చదివేసేవాడు. పరాయివాళ్ల కాగితాలు చదవడానికి ఈ మనిషికి సిగ్గయినా లేదని ఒతీలియా మనసులో తిట్టుకునేది. తిట్టుకుంటూనే చెవి అటు పెట్టేది.

ఆ ఏడాది రాజధానిలో ప్లూమా అనే ట్యాబ్ ఒకటి అమ్మకానికి వచ్చింది. పేరుకు ఈక, ఎత్తి చూస్తే రుబ్బురాయి. రెండు గంటలు చార్జింగు పెడితే ముప్పావుగంట పనిచేసేది. ఫొటో తీయమంటే, నిలబడ్డవాళ్లు విసిగి వెళ్లిపోయాక తీసేది. మూడుసార్లు ధర తగ్గించారు. నాలుగోసారి దానితోపాటు గొడుగు ఉచితమన్నారు. జనం వచ్చి గొడుగు ఒక్కటే ఇవ్వమన్నారు. దాంతో కంపెనీవాళ్లు మిగిలిన పన్నెండు వందల పెట్టెల్నీ రేవు మీదుగా వెనక్కి పంపేయడానికి లారీకెక్కించి ఫిదెలీనోకు అప్పగించారు. ఎక్కించేటప్పుడు ఒక పెట్టె చిరిగి, వాడే విధానం చెప్పే అరవై నాలుగు పేజీల పుస్తకం బయటపడింది. దాన్ని ఆయన జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ అక్కర్లేని వస్తువు గురించి అంత రాశారంటే అందులో ఏదో ఉండే ఉంటుందని ఆయన ఆలోచన.

సోమవారం మధ్యాహ్నం లారీ ఒతీలియా హోటల్ ముందు ఆగింది. ఆవరణ గేటుకు ఆ పొద్దునే రోడ్డు శాఖవాళ్లు కొత్త బోర్డు తగిలించి పోయారు. పైన పెద్దక్షరాలతో, "డ్రైవర్లకు హెచ్చరిక: లారీ దొంగలున్నారు." ఫిదెలీనో తాళంచెవి బండికే వదిలి, ఒక్క నిమిషమే కదా అని దిగి, బోర్డు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఒకటి, వాహనాన్ని కనుచూపు మేరలో నిలపండి. రెండు, తలుపులకు తాళం వేయండి. మూడు, తాళంచెవి బండిలో వదలకండి. మూడో మాట దగ్గర వెనక ఇంజను మొదలైంది.

"దోన్ ఫిదెలీనో, మీ లారీ పోతోంది" అంది ఒతీలియా గుమ్మంలోంచి.

ఫిదెలీనో వెనక్కి చూడకుండా చేయి ఎత్తాడు. "ఒక్క క్షణం. ఇంకో రెండే ఉన్నాయి."

ఐదోది, దొంగతనం జరిగితే వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. వెంటనే చేశాడు.

ఆ దారిలో లారీ పోతే ముందు జైలుకు పోయేది డ్రైవరే. సరుకు తనే అమ్ముకుని దొంగలమీద నెట్టాడని యజమాని అంటాడు, పోలీసు రాసుకుంటాడు. సబిన్‌స్పెక్టర్ లేముస్ కూడా అదే రాసుకోబోయాడు. దొంగల గురించిన బోర్డు చదువుతుండగా దొంగలు లారీ తోలుకుపోయారని ఒతీలియా సాక్ష్యం చెబితే, ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత అందమైన అబద్ధం వినలేదన్నాడు. శుక్రవారం పొద్దుటికి సరుకు దొరక్కపోతే ఫిదెలీనోను సకాపా జైలుకు పంపక తప్పదని చెప్పేశాడు. లైసెన్సు ఎలాగూ పోతుంది. యాభై ఆరేళ్ల వయసులో ఆ మనిషికి స్టీరింగు పట్టడం, చదవడం తప్ప మరో పని రాదు.

మర్నాడు లారీ మొతాగ్వా నది వంతెన దగ్గర ఖాళీగా దొరికింది. సరుకు ఎటు పోయిందో కూడా త్వరగానే తెలిసింది. బెల్తెతోన్ అనే ఆరితేరిన దొంగ దాన్ని రాజధానికి తీసుకెళ్లాలనుకున్నాడు గాని, అక్కడి దొంగసరుకు బజారువాళ్లు ప్లూమా పేరు వినగానే ఫోన్ పెట్టేశారట. ఇక చేసేది లేక గ్వాలాన్ పైనున్న కొండ ఊళ్లలో ఇంటింటికీ తిరిగి అమ్మాడు. కోడికి ఒకటన్నాడు. తర్వాత, రెండు తీసుకుంటే కోడి కూడా వద్దన్నాడు. కొన్నవాళ్లకు అది తెరుచుకోలేదు. దొంగసరుకు అని తెలిశాక మంచాల కింద దాచేసి, ఎవరడిగినా కొండవైపు చూడసాగారు.

"దొంగసరుకు కొన్నవాణ్ణి పట్టుకోవాలంటే ఊళ్లకు ఊళ్లు పట్టుకోవాలి. నా జీపులో నలుగురే పడతారు" అన్నాడు లేముస్.

బుధవారం సాయంత్రం ఫిదెలీనో వచ్చి, సంతరోజున గుమ్మం పక్క బల్ల తనకు కావాలని ఒతీలియాను అడిగాడు. లేముస్‌నేమో, గోడవైపు తిరిగి కూర్చుని కోడి పులుసు తాగమని బతిమాలాడు. పులుసు తాగడానికి తనకు ఎవరి అనుమతీ అక్కర్లేదనీ, వీపుకు కళ్లుండే జబ్బు తనకు లేదనీ లేముస్ అన్నాడు.

గురువారం సంత నిండుగా ఉంది. ఫిదెలీనో బల్ల దగ్గర కూర్చుని, జేబులోంచి పుస్తకం తీసి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాడు. ప్లూమాను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు. ప్లూమాను నీళ్లలో ముంచకండి. ప్లూమాను నమలకండి. ఐదో పేజీకి వచ్చేసరికి నోల్బెర్తో అటుగా వచ్చి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"నాది కాదు. మా తోడల్లుడి దగ్గర ఇలాంటిదేదో ఉందట. బొత్తాం నొక్కితే ఈక బొమ్మ వచ్చి ఆగిపోతోందట. తర్వాతేం చేయాలో ఆ పుస్తకంలో ఉంటుందా?"

"ఏడో పేజీలో ఉంది" అన్నాడు ఫిదెలీనో.

"చూసుకుందామంటే నా కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను" అన్నాడు నోల్బెర్తో. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

ఫిదెలీనో ఆ ముక్కు వైపు చూడలేదు. "దానికేముంది, నేనెలాగూ చదువుతున్నానుగా."

ఆ తర్వాత కోడిపిల్లల బుట్టతో ఒకావిడ వచ్చింది. ఆవిడ వదినకు ఉందట ఒకటి. ఆవిడా కళ్లజోడు మరిచిపోయింది. ఇంకొకాయన బస్సులో పోగొట్టుకున్నాడు. ఇంకొకాయన కళ్లజోడు మేక తినేసింది. పది గంటలయ్యేసరికి బల్ల చుట్టూ కళ్లజోళ్లు లేని జనం గుమిగూడారు. ఫిదెలీనో ఒక్కరినీ "ఇదిగో, నువ్వే చదువుకో" అనలేదు. ఒక్కరి చేతికీ పుస్తకం ఇవ్వలేదు.

కాఫీ కూజా పట్టుకుని నిలబడ్డ ఒతీలియా చేయి తనకు తెలియకుండానే మెడలోని కళ్లజోడు మీదికి పోయింది. పదకొండేళ్లలో ఈ మనిషి తనను కూడా ఎన్నడూ ఆ మాట అనలేదు. పొయ్యి దగ్గర లేకపోయినా ఆవిడ మొహం వేడెక్కింది.

జనం ఉన్నారు గాని ట్యాబులు లేవు. అన్నీ తోడల్లుళ్ల దగ్గరా, వదినల దగ్గరా ఉన్నాయి. ఎవరికి వాళ్లు తర్వాతేం నొక్కాలో తెలుసుకుని జారుకుందామనే చూస్తున్నారు. గోడవైపు తిరిగిన లేముస్ రెండో గిన్నె పులుసు మొదలుపెట్టాడు. శుక్రవారానికి ఇక ఒక రాత్రే ఉంది.

ఫిదెలీనో నలభై ఒకటో పేజీ తిప్పి, కాసేపు ఆగాడు. ఒతీలియా ఆయన భుజం మీదుగా వంగి కాఫీ పోస్తోంది. ఆవిడ కళ్లు పేజీ మీద పడ్డాయి. ఆయన గొంతు సవరించుకుని, ఎప్పటి గొంతుతోనే, ఎప్పటి నిదానంతోనే చదివాడు.

"వస్తువు నచ్చని పక్షంలో, దాన్ని రవాణా చేసిన డ్రైవరుకు ముప్పై రోజుల్లోగా తిరిగి ఇవ్వవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. పేరు చెప్పనక్కర్లేదు. ఎక్కడ కొన్నారని అడిగే హక్కు అధికారులకు సైతం ఉండదు. ముద్రణ: పరదేశం."

"ఆమెన్" అన్నారందరూ.

లేముస్ చెంచా గాలిలో ఆగింది. కాసేపటికి నెమ్మదిగా గిన్నెలోకి దిగింది.

"పేరు కూడా చెప్పనక్కర్లేదా?" అన్నాడు నోల్బెర్తో.

"అచ్చులో ఉంది" అన్నాడు ఫిదెలీనో.

ఇక ఎవరూ రెండో మాట అనలేదు. శవాన్ని ఎండలో నిలబెట్టి మరీ పెళ్లి ప్రకటన పూర్తిచేసిన మనిషి. ఆయన ఒక అక్షరం వదలడు, ఒక అక్షరం చేర్చడు అని ఆ కొండలన్నిటికీ తెలుసు. మధ్యాహ్నం నుంచి ట్యాబులు రావడం మొదలైంది. రొట్టెల బుట్టల్లో, ఖర్బూజాల అడుగున, చంటిపిల్లల శాలువాల్లో, ఒకటి పెళ్లి కేకు పెట్టెలో. వచ్చినవాళ్లు బల్లమీద పెట్టి, పేరు చెప్పకుండా, ఎదురుగా ఉన్న అందరినీ పేరుపేరునా పలకరించి వెళ్లిపోయారు.

నాలుగు గంటలకు ఒక పికప్ వచ్చి ఆగింది. మిగిలిపోయిన పెట్టెలు దింపుతున్నది సాక్షాత్తూ బెల్తెతోన్. వాడు చెమట తుడుచుకుని బల్ల ముందు నిలబడ్డాడు.

"నాలుగు రోజులు దీన్ని మోస్తూ కొండలెక్కి దిగాను. తిట్లు తిన్నాను. కుక్కలు కరిచాయి. నా డీజిలు ఎవరిస్తారు?"

ఫిదెలీనో పేజీలు వెనక్కి తిప్పాడు. "పంతొమ్మిదో పేజీ. తిరిగి ఇచ్చే రవాణా ఖర్చు వినియోగదారుడిదే."

"ముందే చదివించుకోవాల్సింది" అని గొణుక్కుంటూ బెల్తెతోన్ వెళ్లిపోయాడు. లేముస్ మూడో గిన్నె అడిగాడు.

లెక్క చూస్తే పన్నెండు వందల ఒకటి తేలాయి. రాజధానిలో నిజంగా డబ్బిచ్చి కొన్న ఒక్క మనిషీ ఆ సందట్లో తనదీ వదిలించుకున్నాడన్నమాట. దిక్కులేకుండా పడి ఉన్న సరుకును కోడి పులుసు తాగుతుండగా కనుగొన్నట్టు లేముస్ రాసుకున్నాడు. కంపెనీవాళ్లకు ఆ వార్త చెబితే, అన్నీ దొరికాయా అని ఫోనులో మూడుసార్లు అడిగారట. దొరకకపోతే బాగుండునని అనుకున్నారేమో. ఏదైతేనేం, ఫిదెలీనో లైసెన్సు ఫిదెలీనోకు దక్కింది.

శుక్రవారం పొద్దున ఆయన లారీకి తాళ్లు బిగిస్తుంటే, ఒతీలియా కాఫీ, వేడి జున్ను రొట్టె తెచ్చి బంపరు మీద పెట్టింది. పెట్టి వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది. రాత్రంతా మింగలేక, కక్కలేక ఉన్న మాట అది.

"మీరు నిన్న తప్పు చదివారు దోన్ ఫిదెలీనో. నలభై ఒకటో పేజీలో బ్యాటరీ బొమ్మ ఒకటుంది, చెత్తబుట్ట బొమ్మ ఒకటుంది. అంతే. నాకు అక్షరాలు రావు గాని, లేకపోతే లేవని తెలుస్తుంది."

ఫిదెలీనో ముడి లాగి చూసి, కాఫీ అందుకుని, ఒక గుక్క తాగి అన్నాడు: "రాసినవాడు మరిచిపోతే చదివేవాడు కూడా మరిచిపోవాలా, దోన్యా ఒతీలియా?"