గ్రహం మీద మిగిలిపోయిన వంటవాడు

మొన్న పొద్దున నడకకని కిందికి దిగితే, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆఫీసు క్యాబు కోసం నిలబడ్డ పిల్లలు ముగ్గురు గట్టిగా వాదించుకుంటున్నారు. ఏదో టీవీ సీరియల్ గొడవ. అత్తాకోడళ్ళ సీరియల్ కాదు లెండి, అంతరిక్షంలో నడిచే కథట, ఏళ్ళ తరబడి సాగుతోందట. మొదట్లో బ్రహ్మాండంగా ఉండేదనీ, ఇప్పుడు రాసేవాళ్ళ దగ్గర సరుకు అయిపోయి సాగదీస్తున్నారనీ ఒక కుర్రాడు అంటుంటే, అసలు రుచి ఇప్పుడే మొదలైందని రెండోవాడు కొట్టిపారేస్తున్నాడు. పక్కనున్న అమ్మాయి మాత్రం ఒకటే మాట పట్టుకుని వదలడం లేదు. "అవన్నీ సరే, ఆ మెకానిక్‌ని చందమామ మీద వదిలేసి వచ్చారు కదా, అతనేమయ్యాడు? ఒక్కరికైనా గుర్తుందా?" అంటోంది. నేను నడక మానేసి అక్కడి సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను. అచ్చం అలాంటి ప్రశ్నతోనే ఇదే గచ్చిబౌలిలో నా ప్రాణం కొన్ని నెలలపాటు కొట్టుమిట్టాడింది.

మన ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, డెబ్బైల్లో గచ్చిబౌలి అంటే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి వెనక ఒక చిన్న ఊరు, ఊరి బయట బొంబాయి రోడ్డు. అంతే. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. నాన్న లింగంపల్లి అవతల ఒక ప్రభుత్వ కర్మాగారంలో స్టోర్సు గుమాస్తా, నేను అక్కడే టైపిస్టుని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అప్పటినుంచీ మా ఇంట్లో గరిటె పట్టింది నాన్నే. పొద్దున్నే లేచి వంట చేసి, రెండు క్యారియర్లు సర్ది, నేను జడ వేసుకునేలోపు గుమ్మంలో నిలబడి బస్సు పోతుందని కేకలేసేవాడు. ఆయన పెట్టే పప్పుచారు మళ్ళీ నా నోటికి తగల్లేదు, ఎన్నిసార్లు ప్రయత్నించానో.

ఫ్యాక్టరీ బస్సు మెహిదీపట్నం నుంచి వచ్చేది. అందులో మాకు బాబాయి వరసయ్యే అకౌంట్స్ ఆయన ప్రతి గురువారం ఒక వారపత్రిక కొనుక్కుని ఎక్కేవారు. అందులో వచ్చే సీరియల్ పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు, మేమంతా దాన్ని రాకెట్ సీరియల్ అనేవాళ్ళం. ఒక ప్రొఫెసరు, ఆయన కూతురు, ఒక అందమైన కుర్రాడు, ఒక డాక్టరు రాకెట్‌లో గ్రహాలు తిరుగుతుంటారు. మనవాళ్ళు కదా, వెంట ఒక వంటవాడినీ ఆవకాయ జాడీనీ తీసుకెళ్ళారు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన సంబరం ఇంకా చల్లారని రోజులవి, పత్రిక ఆ చేతా ఈ చేతా నలిగి లింగంపల్లి చేరేసరికి అట్ట ఊడిపోయేది.

ఆ సీరియల్ బాగుందా లేదా అని బస్సులో ప్రతి వారం యుద్ధమే. బాబాయి దాని పక్షం. చేవెళ్ళ వైపు నుంచి వచ్చిన ఫిట్టరన్న ఒకాయన దానికి బద్ధశత్రువు, అయినా ఒక్క వారం వదలకుండా చదివేవాడు. నాన్న మొదట్లో బాబాయి పక్షమే. కానీ ఒక వారం ఆ రచయిత ఒక పని చేశాడు. ఏదో గ్రహం మీద రాకెట్ దిగింది, వంటవాడు పొయ్యి, సామాను అంతా కిందికి దింపుకుని విందు వంట మొదలెట్టాడు, ఇంతలో దుమ్ము తుఫాను వచ్చింది, మిగతావాళ్ళు రాకెట్ ఎక్కి ఎగిరిపోయారు. వంటవాడు ఎక్కలేదు. మరుసటి వారం అతని ఊసే లేదు, పైగా హీరో తీరిగ్గా కూర్చుని వేడివేడి కాఫీ తాగుతున్నాడు. నాన్న పత్రికని బాబాయి ఒళ్ళో పడేసి, ఆ కాఫీ ఎవరు కలిపారో కనుక్కుని చెప్పమన్నాడు. ప్రొఫెసరుగారి కూతురు కలిపి ఉంటుందని బాబాయి సర్దబోతే, కాఫీపొడి డబ్బా వంటవాడితోపాటు కిందే ఉండిపోయింది కదా అని నాన్న నిలదీశాడు. ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దాకా ఎవరికీ వేరే మాట లేదు.

ఆ వేసవిలోనే నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది, అక్షరాలు అలికేసినట్టు కనిపించేవి కాబోలు, పత్రిక చేతికిస్తే పక్కన పెట్టేసేవాడు. ఫ్యాక్టరీ డాక్టరు నన్ను బయటికి పిలిచి, చెయ్యీ కాలూ ఆడించాలనే పట్టుదల ఆయనకి ఉంటే కొంత తిరిగి రావచ్చనీ, అది లేకపోతే మందులేం చెయ్యలేవనీ చెప్పాడు. నాన్నకి ఆ పట్టుదల లేదు. నేను చెయ్యి పట్టుకుని ఆడిస్తుంటే గోడవైపు చూస్తూ పడుకునేవాడు. జన్మంతా నాకు వండిపెట్టిన మనిషి నేను కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని మింగడానికి కూడా బద్ధకించేవాడు. నాకు దుఃఖం కంటే భయం ఎక్కువగా ఉండేది.

సెలవలు అయిపోయాక ఉద్యోగానికి వెళ్ళక తప్పలేదు. మా ఇల్లుగలావిడ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, పగలంతా తను చూసుకుంటానంది. "పరేషాన్ గాకు బిడ్డ. ఏమన్న అయితె సాయంత్రం బస్సు టైముకి నేనే రోడ్డు మీదికొచ్చి నిలబడ్త. నేను కనవడలేదంటే అంత మంచిగున్నట్టే" అంది. మంచికే చెప్పింది గానీ, ఆ మాట నాకు శిక్షైపోయింది. సాయంత్రం బస్సు లింగంపల్లి దాటిన దగ్గర్నుంచి నా కళ్ళు రోడ్డు మీదే. స్టాపు దగ్గర పెద్దమ్మ కట్టేలాంటి చీర ఎవరి ఒంటి మీద కనిపించినా సీట్లోంచి సగం లేచిపోయేదాన్ని. ఎవరూ లేని ఆ ఖాళీ స్టాపుని చూసి దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

బాబాయి చదవడం అయ్యాక పత్రిక నాకిచ్చేవారు. ఒక రోజు ఏమీ తోచక నాన్న పక్కన కూర్చుని రాకెట్ సీరియల్ పైకి చదివాను. అయిపోయి మడిచి పెడుతుంటే, నాన్న ఎడమ చెయ్యి దుప్పటి మీద గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. మంచినీళ్ళు కావాలా అన్నాను, దురదా అన్నాను. కాదు. మళ్ళీ తిప్పాడు, అప్పుడు అర్థమైంది. గరిటె తిప్పుతున్నాడు. వంటవాడు ఏమయ్యాడని అడుగుతున్నాడు. వచ్చే వారం వస్తాడేమో నాన్నా అన్నాను. మరుసటి వారం కూడా చదవడం అవ్వగానే అదే సైగ. నేను కాస్త తెలివి తెచ్చుకుని, కుడి చేతి వేళ్ళు ముడిచి తెరిస్తేనే చదువుతానని బేరం పెట్టాను. నొసలు చిట్లించి, నన్ను తిడుతున్నట్టు చూసి, వేళ్ళు కదిపాడు. ఆ వంటవాడి కోసం మా నాన్న వేళ్ళు కదిపాడు.

ఇక నా అవస్థ వినండి. సీరియల్ నిజంగానే పాడైపోయింది. ఆ సంగతి నాకూ తెలుసు. ప్రొఫెసరుగారి కూతురికి రెండుసార్లు జ్ఞాపకశక్తి పోయింది, చచ్చిపోయిన డాక్టరు ఒక వారం మళ్ళీ మాట్లాడాడు. ఈ పీడ ఎప్పుడు వదులుతుందా అని బస్సంతా ఎదురుచూస్తుంటే, నేనొక్కదాన్నే అది ఆగకూడదని మొక్కుకునేదాన్ని. చివరికి ఒక గురువారం పత్రికలో డబ్బా కట్టి ప్రకటన వేశారు, వచ్చే నెలతో ముగింపని. ఫిట్టరన్న చప్పట్లు కొట్టాడు. బాబాయి కూడా, పోనీలే, శని వదిలిందన్నారు. నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ తెగువ, ఎప్పుడూ నోరు విప్పనిదాన్ని సీట్లోంచి లేచి నిలబడి, మీకు శని వదిలింది, మా నాన్న సంగతేమిటి అని అరిచాను. గరిటె సంగతీ వేళ్ళ సంగతీ ఏడుస్తూ చెప్పేశాను.

ఆ ఆదివారం బాబాయీ ఫిట్టరన్నా మా ఇంటికొచ్చారు. నాన్న మంచానికి చెరోవైపు కూర్చుని, పలకరింపులైనా లేకుండా బస్సులో ఆపిన చోటి నుంచే మొదలెట్టారు. ఆ గ్రహం మీద గాలి ఉండదు కాబట్టి వంటవాడు ఎప్పుడో పోయి ఉంటాడని బాబాయి తేల్చారు. "గాలి లేకుంటె పొయ్యి ఎట్ల మండింది సార్?" అన్నాడు ఫిట్టరన్న. "పొయ్యి మండిందంటె గాలున్నట్టే. ఇగ గానికేం ఫికర్? బియ్యం, పప్పు, పచ్చడి జాడి అంత గాని తాననే ఉన్నయి. ఆకలికి సచ్చేది రాకెట్ల ఉన్నోళ్ళు." నాన్న గొంతులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. నేను భయపడి పరిగెత్తుకొచ్చాను. నాన్న నవ్వుతున్నాడు. వంకరపోయిన మూతితో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, నవ్వుతున్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వాళ్ళు రావడం, గ్రహం మీద నీళ్ళెక్కడివి, రాత్రి ఎంతసేపు అని కొట్టుకోవడం, నాన్న ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టి తన ఓటు తెలపడం అలవాటైపోయింది.

ముగింపు సంచిక రానే వచ్చింది. నేను బస్సులోనే చదివేశాను. రాకెట్ బంగాళాఖాతంలో దిగింది, పూలదండలు వేశారు, కుర్రాడికీ ప్రొఫెసరుగారి కూతురికీ పెళ్ళైంది. కింద సమాప్తం అని అచ్చు వేశారు. వంటవాడి పేరు ఒక్కచోటా లేదు. "నువ్వే ఒక ముక్క కలిపి చదువు చెల్లె, ఆయనకెట్ల తెలుస్తది?" అన్నాడు ఫిట్టరన్న. బాబాయి తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా. స్టోర్సులో మేకు ఒకటి తగ్గినా పట్టేసే మనిషి. ఆయన దగ్గర అబద్ధం నిలవదు" అన్నారు. రోజంతా నేను టైపు కొట్టిన కాగితాలన్నీ తప్పులే. కలపాలా వద్దా అని తేల్చుకోలేకుండానే తిరుగు బస్సు ఎక్కాను. గచ్చిబౌలి మలుపు తిరిగింది. స్టాపు దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది.

నేను దిగానో, వాళ్ళే దించారో తెలియదు. ఫిట్టరన్న నా సంచీ పట్టుకుని, బాబాయి చెప్పులు ఈడ్చుకుంటూ నాతోనే దిగిపోయారు. నా ముఖం చూసి పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏడ్వకు ఏడ్వకు. మీ నాయిన తనంతట తనే లేచి కూసున్నడు. పొద్దుగాల్నించి తొవ్వ దిక్కే చూస్తున్నడు, ఇయ్యాల పుస్తకం వస్తదని. గది చెప్దామని ఉండబట్టక వచ్చిన" అంది. తను నిలబడితే ఏమని అర్థమో ఆవిడే మర్చిపోయింది. నాకు ఆవిణ్ణి కొట్టాలనిపించింది, కాళ్ళ మీద పడాలనీ అనిపించింది.

నాన్న గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను కాదు, సంచీని చూశాడు. ఇలా కూర్చున్న మనిషి సమాప్తం అనే మాట విని మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటే నేనేం చెయ్యాలి? వంటవాడు దూరం నుంచి ఆ పెళ్ళి విందు వాసన పట్టాడనో, ఇంకో రాకెట్ బయల్దేరిందనో చదవడానికి ఒక వాక్యం నాలుక చివర పెట్టుకుని కూర్చున్నాను. ఆ చోటు వచ్చేసరికి నాన్న కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. కలపలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చదివాను, సమాప్తం కూడా చదివాను. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా గుండ్రంగా తిరిగింది. నేను ఇంక తట్టుకోలేక, లేడు నాన్నా, ఆ రాసినాయన వాణ్ణి మర్చిపోయాడు అని ఏడ్చేశాను.

నాన్న చాలాసేపు పెదాలు కూడదీసుకున్నాడు. వేసవి నుంచీ ఆ నోట ఒక్క మాట లేదు.

"మనం... మర్చిపోలా" అన్నాడు.

గుమ్మం దగ్గర ఫిట్టరన్న ముఖం అటు తిప్పుకున్నాడు. పగలంతా ఆ మంచం మీద పడుకుని నాన్న వంటవాడి గురించే కాదు, వాడిలా తననీ వదిలేస్తామేమోనని కూడా బెంగపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. మర్నాటి నుంచి బస్సెక్కే ముందు, నాన్నా, సాయంత్రం వస్తాను అని ఆయన చెవిలో చెప్పి మరీ వెళ్ళేదాన్ని. నాన్న కర్ర పట్టుకుని నడిచాడు, ఎడమ చేత్తో గరిటె కూడా తిప్పాడు, ఇంకొన్నేళ్ళు బతికాడు. సీరియల్ పోయినా ఆదివారాలు పోలేదు. బాబాయీ ఫిట్టరన్నా ఆ గ్రహం మీద వంటవాడి చేత కూరగాయలు పండించి, బావి తవ్వించి, చివరికి ఒక హోటలు కూడా పెట్టించారు.

గేటు దగ్గర ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు రాలేదు. కుర్రాళ్ళిద్దరూ ఫోన్లలో ఎవరితోనో అదే వాదన కొనసాగిస్తున్నారు, అవతలివాళ్ళు అమెరికాలో ఉన్నారో ఆఫ్రికాలో ఉన్నారో. ఈ పిల్లలు ఒక మాట అంటే లోకమంతా వింటుందట, మంచిదే. మా రోజుల్లో సీరియల్ బాగాలేదని తిట్టుకోవడానికి పక్క సీటు మనిషి తప్ప గతి లేదు, ఆ మనిషి బస్సుకి రాలేకపోతే వాదనని ఇంటికే పట్టుకెళ్ళేవాళ్ళం. ఆ అమ్మాయితో ఒక మాట చెబుదామని లేచేసరికి క్యాబు వచ్చేసింది.

ఇప్పుడు నాన్న లేడు, బాబాయి లేరు, ఫిట్టరన్న లేడు, పెద్దమ్మ లేదు, ఆ పత్రికా లేదు, మేం బస్సెక్కిన బండరాళ్ళ చోట అద్దాల మేడ లేచింది. ఆ కాలం వాళ్ళలో చావు ఎవరూ రాయకుండా మిగిలింది ఒక్క వంటవాడే. వాడు అక్కడే ఉన్నాడని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇదంతా మీకు చెప్పాను, నా తర్వాత మీలో ఒకరైనా వాణ్ణి మర్చిపోకుండా ఉంటారని.