నాయన ఎత్తుకొచ్చిన బండ

మొన్న మదనపల్లెలో కరెంటు పోయి ఊరికే కూర్చున్నప్పుడు, నా కూతురు ఫోనులో పాత ఫోటోలు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగింది. తవ్విన గుంత గట్టు మీద మా నాయన, విప్పిన తలగుడ్డ చేతిలో పట్టుకుని. "తాత యాలమ్మా అట్ల భయపడినట్టుండాడు?" అంది. ఆ ఫోటో తీసిన రోజు నా కూతురు ఐదో తరగతి పిల్ల. వాళ్ల నాన్నతో కలిసి అవతల కుండపెంకులు చూస్తూ ఉండిపోయింది, ఏమీ వినలేదు.

బైరెడ్డిపల్లె దగ్గర మా ఊరికి రెండు మైళ్ల దూరంలో ఒక మిట్ట మీద తవ్వకాలు జరుగుతున్నాయని తెలిసి, అందరినీ బయలుదేరదీసింది నేనే. చిత్రాన్నం, పెరుగన్నం, చాప, గొడుగులు సర్దాను, పెళ్లికి పోతున్నట్టు. నాయన మాత్రం పొద్దున్నుంచీ సాకులే. ఆవు ఈనేట్టుండాది అన్నాడు. మోకాలు నొప్పన్నాడు. చివరికి "ఆడేముంటాదమ్మా, రాళ్లు" అన్నాడు. బలవంతాన ఆటో ఎక్కించాను. దారి పొడవునా కమ్మీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

ఆ మిట్ట మీదివాటిని మా వైపు రాక్షసగుళ్లు అంటారు. బండలు పెట్టెలా నిలబెట్టి, పైన ఇంకో బండ మూసి ఉంటాయి. అవి వేల ఏళ్లనాటి సమాధులని అక్కడి ఆఫీసరమ్మ చెప్పింది. నా చెల్లెలి వయసుంటుంది, ఎండకు ముక్కు మీద తోలు లేచిపోయింది. ప్రతిదానికీ ఒక బండలో గుండ్రటి బొక్క చూపించి, "ఈ చివరిదానికి మాత్రం ఆ బండ లేదు. ఎవరో ఎత్తుకుపోయినారు" అంది.

అట్లాంటి బండే మా దూడల కొట్టం గోడలో ఉంది. చిన్నప్పుడు ఆ బొక్కలో తల ఇరుక్కుంటే అమ్మ ఆముదం రాసి లాగింది. కేసు పెడతారా, ఈ వయసులో ఈయన్ని స్టేషన్ల చుట్టూ తిప్పుతారా? "ఎండెక్కువైంది, పోదాం పా నాయనా" అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు.

"అది నేనే ఎత్తుకపోయినానమ్మా, ఎద్దులబండిలో" అన్నాడు ఆమెతో. ఆమె నోటుబుక్కు తెరిచేలోపలే, "లోపల ఎముకలు సూసినాను. పిల్లకాయలవా అవి?" అన్నాడు.

"ఎందుకు అడుగుతున్నారు పెద్దాయనా?"

"ఆ యేడే మాకు తొలిసూరు బిడ్డ పోయినాడు. పుట్టిన పదకొండో దినం. ఒకరి పడక కదిలిస్తినే, దానికే అయ్యింటాదని."

నాకొక అన్న పుట్టి పోయాడని తెలుసు. దాన్ని ఈయన ఈ బండతో ముడిపెట్టుకున్నాడని తెలియదు. అమ్మకూ తెలిసి ఉండదు. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు.

ఆఫీసరమ్మ గుంతలోకి చూసింది. "మాకు దొరికిన ఎముకలు పెద్దవాళ్లవే. రాయి తీస్తే బిడ్డలు పోరు పెద్దాయనా" అంది. తర్వాత, "ఆ బొక్క ఏ దిక్కుకు ఉండేది?" అని అడిగింది.

"తూర్పుకు." తడుముకోకుండా చెప్పాడు. ఆమె రాసుకుంది.

కేసు లేదు. ఆ వారమే ట్రాక్టరు తెచ్చుకుని బండను తీసుకుపోయారు. నాయన దగ్గరుండి కింద గడ్డి పరిపించి, బిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టించాడు. ఆ రోజు కడుపు నిండా తిన్నాడు.

వేల ఏళ్ల కిందటి సంగతులు వాళ్లు మట్టి చూసి చెప్పగలిగారు. నలభై ఏళ్లుగా నా కళ్లముందు తిరిగిన మనిషి ముఖం చూసి నేనేమీ చెప్పలేకపోయాను.