కంప్యూటరుకు ఘాటు తగలని గది

చీరాల నుంచి వచ్చే బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా, పర్చూరు దాటాక మిరప కళ్లాలు వచ్చాయని ముక్కే చెప్పేస్తుంది. కొత్తగా వచ్చినవాడి ముక్కు అయితే తుమ్మి మరీ చెబుతుంది. ఆ ఊళ్లవాళ్లకు మాత్రం ఆ ఘాటు తెలియదు. పుట్టిన దగ్గర్నుంచీ పీలుస్తున్నదే కదా, వాళ్లకది గాలి.

సర్దార్‌బీ అలాంటి మనిషి. కళ్లంలో ఆడవాళ్ల చేత మిరపకాయలకు తొడిమలు తీయించే మేస్త్రీ. ఆమె నవ్విందంటే పక్క కళ్లంలో కాకులు లేచేవి. ఆమె కోడలు నజ్మీన్ చీరాలలో కంప్యూటరు నేర్చుకుని వచ్చి, తానూ తొడిమల పనికే కూర్చుంది. సాయంత్రానికి వేళ్లు మండిపోతుంటే మజ్జిగ గిన్నెలో ముంచుకుని ఊదుకునేది. అది చూసినప్పుడల్లా అత్త నవ్వు ఆగిపోయేది. ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాలన్నది ఆమె పంతం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలకు మండలం నుంచి గ్రాంటు ఇస్తామన్నారు. గ్రామసభలో సర్దార్‌బీ లేచి నిలబడింది.

"మాకు కావాలండీ కంప్యూటరు! నేర్పడానికి మా కోడలుంది."

సర్పంచి బుల్లయ్య మీసం దువ్వుకుంటూ, "ఒరేయ్, సర్దారక్క కంప్యూటరు చేత తొడిమలు తీయిస్తుందంట్రా!" అన్నాడు.

"తీయిస్తాలే. ముందు నీ మీసంతోనే మొదలెడతా!"

సభంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోనే బుల్లయ్య దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. షరతు ఒక్కటే, దుమ్ము లేని గది ఉండాలి. పంచాయతీ గదిలో బుల్లయ్య మిరప టిక్కీలు, అంటే కాయలు కుక్కిన గోనె బస్తాలు, నిలవుండేవి. వాటిని తీయించి, ఊడ్చి, కడిగి, గోడలకు తెల్ల సున్నం వేశారు. కళ్లం ఆడవాళ్లు ముగ్గులు కూడా పెట్టారు. ఎవరి ముక్కుకూ ఏమీ తగల్లేదు. పైనున్న ఫ్యాను ఏళ్ల తరబడి తిరగలేదన్న సంగతి ఎవరికీ తట్టనేలేదు.

మండలాఫీసు నుంచి ఆఫీసరు గారు వచ్చి లోపల అడుగుపెట్టీ పెట్టగానే తుమ్మి, నుదురు తుడుచుకున్నారు.

"పాపం, చెమటలు పడుతున్నాయి. ఫ్యానెయ్యండ్రా!" అన్నాడు బుల్లయ్య.

వేశారు. రెక్కల మీద ఏళ్లుగా పేరుకున్న మిరప పొడి ఎర్రటి మబ్బులా లేచి తెల్లచొక్కా మీద వాలింది. ఆఫీసరు గారు తుమ్ముతూ, దగ్గుతూ, గోడ తడుముకుంటూ వీధిలోకి పరిగెత్తారు. ఊరివాళ్లు మాత్రం మబ్బులోనే నిలబడి, "ఏమైందండీ?" అన్నారు.

"ఏమైందా? ఈ గదిలో... హాఛ్... కంప్యూటరు కూడా తుమ్ముతుందమ్మా! గ్రాంటు లేదు, ఏమీ లేదు!"

నజ్మీన్ తలొంచుకుని తన వేళ్లు చూసుకుంది. సర్దార్‌బీ ఆఫీసరు గారిని నీడకు నడిపించింది. ఆయన మొహం మీద చల్లటి నీళ్లు కొట్టి, చేతికి మజ్జిగ ఇచ్చి, ఊపిరి తీసుకోనిచ్చి అంది:

"గాలి కూడా దూరని గది ఉందండీ. మా సర్పంచి గారి పొగాకు బ్యారన్, పచ్చాకును వేడికి కాచే కొట్టు. ఈ ఏడు పొగాకు వెయ్యలేదు, ఖాళీగానే ఉంది."

"నా బ్యారనా?" బుల్లయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఫ్యానెయ్యమంది ఎవరు తమ్ముడూ?"

కళ్లం ఆడవాళ్లంతా చేతులు నడుముకు పెట్టుకుని ఆయన చుట్టూ మూగారు. బుల్లయ్య మీసం దువ్వుకోవడం మానేసి తాళం చెవి తీశాడు.

బ్యారన్ తలుపు తెరవగానే, మిరప దెబ్బకు బాగా తెరుచుకున్న ఆఫీసరు గారి ముక్కుకు కాగిన పొగాకు కమ్మటి వాసన తగిలింది. ఆయన చుట్టల ప్రియులు. కళ్లు మూసుకుని పీల్చి, "ఆహా!" అన్నారు. ఆకు ఎలా కాగిందో చూసుకునే అద్దాల కంత దగ్గర కూడా దుమ్ము లేదు. "ఒక పెద్ద కిటికీ పెట్టించండి. గ్రాంటుకు రాస్తాను," అన్నారు.

సర్దార్‌బీ నవ్వింది. కాకులు లేచాయి.

కంప్యూటరు వచ్చాక నజ్మీన్ కుర్చీలో కూర్చుంది. వాకిట్లో మజ్జిగ గిన్నె అలాగే ఉండేది, తన వేళ్లకు కాదు. కళ్లం నుంచి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు చేతులు ముంచి కడుక్కుంటే గానీ మీటలు ముట్టుకోనిచ్చేది కాదు. ఆ విషయంలో అత్తనూ వదల్లేదు.

కొన్నాళ్లకు తనిఖీకి ఆఫీసరు గారు వచ్చారు. అంతా బాగుందని మెచ్చుకుంటూ నుదురు తుడుచుకున్నారు. నజ్మీన్ మర్యాదగా ఫ్యాను స్విచ్చు వైపు చెయ్యి చాపింది.

"వద్దమ్మా, వద్దు!" అంటూ ఆయన గుమ్మం దాటి కళ్లం దాకా ఆగలేదు.