పాత రైఫిల్‌ను ఎవరు తుడిచారు

మొన్న ఆదివారం పొద్దున తార్నాకలో మా వాటా బాల్కనీలో కూర్చుని బెండకాయలు తరుగుతుంటే, ఎదుటి వాటా అమ్మాయి తన బాల్కనీలో రైఫిల్‌ను ఒళ్ళో పెట్టుకుని శుభ్రం చేసుకోవడం కనబడింది. ఆమె పోటీలకు వెళ్ళే పిల్ల, లైసెన్సు ఉన్నది. ఆమె చెయ్యి గొట్టం మూతి దగ్గరకు పోయేసరికి "ముందు నుంచి కాదమ్మా!" అని నాకు తెలియకుండానే గట్టిగా అరిచేశాను.

ఆ పిల్ల ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. "వెనక నుంచే వేసిన ఆంటీ, తుడిచే తాడు ఇట్ల బయటికొచ్చింది, అంతే. మా దాంట్ల లోపల మూలలే ఉండవు, రెండుసార్లు గుంజితే సాఫ్ అయిపోతది," అన్నది. మీకెట్ల తెలుసు అని అడిగితే, ఎప్పుడో చదువుకునే రోజుల్లో పట్టుకున్నానులే అని లోపలికి వచ్చేశాను కానీ, ఆ పూటంతా వంట మీద మనసు నిలవలేదు.

మీలో ఆ రోజుల్లో మా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ప్రయోగశాలల వెనక తుమ్మచెట్లు దాటాక ఎత్తుగా మట్టికట్ట పోసిన ఒక మైదానం ఉండేది, సాయంత్రాలు అటునుంచి టప్ టప్ మని చప్పుళ్ళు వినబడేవి. అక్కడ అమ్మాయిల జట్టు ఒకటి ఉండేదని మాత్రం చాలామందికి తెలియదు. మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కి వచ్చే సేద్యగాళ్ళ ఇంటి పిల్లను నేను. మాకు నేర్పించే ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి, మేమంతా ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం.

జట్టుకు రెండే మంచి రైఫిళ్ళు ఉండేవి. గుండు గాలిలో తిన్నగా పోవాలంటే తన చుట్టూ తాను తిరుగుతూ పోవాలి, అందుకని గొట్టం లోపల మెలికలుగా గాడులు కోసి ఉంటారు. ఉస్తాద్ నాకు అది నాగటి చాళ్ళతో పోల్చి చెప్పాడు, చాలుకూ చాలుకూ నడుమ గట్టు ఉన్నట్టే ఇందులోనూ గట్లు ఉంటాయని. కొత్త రైఫిల్‌లో ఆ గట్ల అంచులు వాలుగా ఉండేవి, గుడ్డముక్క ఒక్కసారి తోస్తే మసి అంతా వచ్చేసేది. పాతదానిలో గట్లు నిటారుగా, మూలలు పదునుగా ఉండేవి. అది గుండును గట్టిగా పట్టేది, మంచిగా ఉన్న రోజున కొత్తదానికంటే దగ్గర దగ్గరగా కొట్టేది. కానీ ఆ మూలల్లో సీసం పేరుకునేది, నలభై యాభై గుళ్ళు కాల్చేసరికి దారి తప్పేది. అట్లాగని మరీ అద్దంలా తోమితే మొదటి పది గుళ్ళూ ఎటుపడితే అటు పోయేవి, గుళ్ళకు పూసిన మైనం లోపల మళ్ళీ కాస్త పట్టేదాకా కుదురుకునేది కాదు. ఎప్పుడు ఎంత తుడవాలో తెలియడమే ఆ రైఫిల్‌తో కాపురం. ఉస్తాద్ దాన్ని నాకిచ్చి, దీని మిజాజు నీకొక్కదానికే దొరికిందని మురిసిపోయేవాడు.

కొత్త రైఫిల్ నా స్నేహితురాలిది. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి నల్లకుంటలో స్థిరపడ్డవాళ్ళు. ఇద్దరం ఒకే తరగతి, ఒకే డబ్బాలో తినేవాళ్ళం. వాళ్ళమ్మ పెట్టిన గోంగూర నాకు, మా అమ్మ చేసిన సర్వపిండి ఆమెకు. తుడవడమంటే మాత్రం ఆమెకు మహా విసుగు. వెనక ఉండే బోల్టు ఊడదీయడానికి బద్ధకించి, కడ్డీని ముందు మూతిలోంచే గుచ్చేది. నేను చూసినప్పుడల్లా పోట్లాడేదాన్ని. గుండు చివరగా వదిలేది ఆ మూతి అంచునే, అక్కడ ఒక పక్క కొంచెం అరిగినా గుండు పక్కకు తంతుందని.

దేశంలోని విశ్వవిద్యాలయాల పోటీకి మా నుంచి ఒక్కరినే పంపుతారన్న సంవత్సరం అది. ఎంపికకు ముందు రోజు మధ్యాహ్నం నా గుళ్ళన్నీ రూపాయి బిళ్ళంత మేరలో పడ్డాయి. ఆ సాయంత్రమే ఆపరేషనైన అమ్మ కంటికి కట్టు విప్పుతారు, నేను వెళ్ళాలి. రైఫిల్ చేతిలో పట్టుకుని తటపటాయిస్తుంటే నా స్నేహితురాలు లాక్కుంది. "నువ్వెళ్ళవే, పిన్నిగారు ఎదురుచూస్తుంటారు. నేను తుడిచి పెడతాను కదా." ఒక్క పొడిగుడ్డ చాలు, వెనక నుంచే తొయ్యి, తీగబ్రష్షు ముట్టుకోకు అని రెండుసార్లు చెప్పి బస్సుకు పరిగెత్తాను.

మర్నాడు నా మొదటి గుండు గురిబొమ్మ అంచున పడింది. రెండోది ఇంకో అంచున. పది పోయాక కుదురుకుంటుందని ఓపిక పట్టాను, ఇరవై పోయినా అది కుదురుకోలేదు. కాల్చడం ముగిశాక ఉస్తాద్ భూతద్దం తెచ్చి మూతి చూశాడు. ఒక పక్క అంచు అరిగి, లోపలికి కొత్త గీతలు పడి ఉన్నాయి. మూల పడేసి ఉన్న వంకర ఇనుపకడ్డీకి తీగబ్రష్షు బిగించి ముందు నుంచి కుమ్మితే పడే గీతలవి.

"నిన్న దీన్ని ఎవరు తుడిచిండ్రు?" అని అడిగాడు.

నేను ఆమె వైపు చూశాను. పొరపాటైపోయింది సార్ అంటుందని, నేనే ముందుపడి పోనివ్వండి సార్ అనాలని, మనసులో మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె తన బూట్లకేసి చూస్తూ, "నేను నాదొక్కటే తుడుచుకున్నాను సార్. దాన్ని ఇది ఎవర్నీ ముట్టుకోనివ్వదు కదా," అన్నది.

ఆ మాట నిజమే మరి, జట్టులో అందరికీ తెలిసిన నిజం. దాన్నే నామీదికి తిప్పింది. నేను నోరు తెరిచేలోపే, "నీ మీద భరోసా పెట్టుకున్న," అని ఉస్తాద్ రైఫిల్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పోటీకి ఆమె వెళ్ళింది.

మూడు రోజుల తర్వాత ధైర్యం తెచ్చుకుని ఆయన గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "నాకు ఎరుకే బిడ్డా. మూతి జూడంగనే ఎరుకైంది, నీ చెయ్యి గట్ల చెయ్యదు. కానీ నీ రైఫిల్ ఎట్లాగు పాయె, ఆ పిల్లను గూడ తీసేస్తే ఎవర్ని పంపుదు? నువ్వు ఓర్చుకుంటవు అనుకున్న," అన్నాడు.

ఆమె భయపడి అబద్ధమాడింది, అది ఎప్పటికైనా క్షమించగలిగేదాన్నేమో. ఆయన మాత్రం అంతా తెలిసి, తీరిగ్గా ఆలోచించి, మోయగలదన్న నమ్మకంతో నా నెత్తిన పెట్టాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. మళ్ళీ ఆ మైదానానికి పోలేదు. చదువు ముగిసి, బ్యాంకు ఉద్యోగం చేసి, పిల్లల్ని పెంచి, ఇదే తార్నాకలో పదవీ విరమణ చేశాను కానీ, నా పని ఏదీ ఇంకొకరి చేతిలో పెట్టి నిశ్చింతగా ఇంటికి వచ్చిన రోజు లేదు.

రెండేళ్ళ క్రితం పాత విద్యార్థుల కలయికకు వెళితే ఆమె కనబడింది. జుట్టంతా ముగ్గుబుట్ట. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి కావలించుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు నన్ను చూపించి, "రైఫిల్‌ని తోమి తోమి మూతి అరగదీసిన మహాతల్లి ఇదే!" అని పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. నేను ఆమె కళ్ళలోకి చూశాను, ఎక్కడైనా చిన్న జంకు దొరుకుతుందేమోనని. ఏమీ లేదు. ఆమె నిజంగానే అట్లా జరిగిందనుకుంటున్నది. నేనూ నవ్వాను.

తిరిగి వస్తూ మైదానం వైపు నడిచాను. మట్టికట్ట ఎప్పుడో చదును చేశారట, తుమ్మలు కొట్టేసి అమ్మాయిల వసతిగృహం కట్టారు, మెట్ల మీద పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. చదువుకునే రోజుల్లో నేను, ఎంత ఆలస్యమైనా నిజం ఆమె నోటి నుంచే ఒకనాడు వస్తుందని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఎదురుచూడటానికి ఆమె దగ్గర నిజమే మిగల్లేదు. ఆ సాయంత్రం ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఈ లోకంలో నేనొక్కదాన్నే ఉన్నాను.