కురుమయ్య కూలగొట్టిన ఇళ్లు

గద్వాల నేతపేటలో కురుమయ్య ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ఆ ఇంటిని నోటితో కూలగొట్టేవాడు. మంచినీళ్ల చెంబు చేతికందేలోపే తలెత్తి దూలాలు చూసి, "ఇది కూలితే మళ్ల లేపెతందుకు ఎంతైతది?" అనేవాడు.

అమరచింతలో పెళ్లికి పోయి పందిరిని కూడా వదల్లేదు. సరిగ్గా తాళి కట్టే వేళ, "ఇది పడితే ఇసుంటి వాసాలు మళ్ల దొరకయి" అన్నాడట. పెళ్లికూతురి తండ్రి బూరెలు మూటగట్టి ఇచ్చి మరీ సాగనంపాడు.

అయినా వానకాలం ముందు పేటంతా ఆయన్నే పిలవాలి. మట్టిమిద్దెలు కూలితే మళ్లీ కట్టుకోవటానికి కులపోళ్లు ఒక నిధి పెట్టుకున్నారు. ఎవరింటిని తిరిగి లేపటానికి ఎంతవుతుందో కురుమయ్య చూసివచ్చి పంచాయితీలో చెప్పాలి. దాన్నిబట్టే చందా, దాన్నిబట్టే సాయం. అందుకే చందా మాటెత్తితే చాలు, అందరి మిద్దెలూ గుడిసెలైపోయేవి.

"మా తాత కట్టినప్పుడు ఇరవై రూపాయలే అయినయి" అనేవాడు అంజన్న.

"మీ తాతొచ్చి మళ్ల గదే ధరకు కడ్తడా?" అని, తలుపు వెనక మేకుతో సహా కలుపుకుని పోయేవాడు కురుమయ్య.

ఆయన ఓడిపోయింది ఒక్క అనంతమ్మ దగ్గరే. మొగుడు పోయాక గుంటమగ్గం మీదే బతుకుతోందామె.

"అన్నా, గోడలు, మిద్దె చెప్పు చాలు. మగ్గం గుంట కలపకు. గంత చందా నాతోని కాదు."

"గుంట పూడితే దేంట్ల కూసోని నేస్తవ్ చెల్లె? గాలిలనా?"

"వాన మా ఇల్లే ఎతుక్కుంట వస్తదా ఏంది!"

కురుమయ్య సణుక్కుంటూ పోయి, ఆమె అన్నట్టే చెప్పాడు.

వాన ఆమె ఇల్లే వెతుక్కుంటూ వచ్చింది. అనంతమ్మ పక్కింటికి నిప్పుకు పోయిన క్షణాన మిద్దె పోయి గుంటలో కూర్చుంది. మగ్గం ముక్కలైంది. గోడలకూ మిద్దెకూ సాయం వస్తుంది. మగ్గం లేకుండా ఆ గోడల మధ్య ఏం చేసుకుని బతకాలి?

పంచాయితీలో తల వంచుకుని నిలబడింది. కురుమయ్య లేచాడు. చీవాట్లు తప్పవనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పు నాదే" అన్నాడు కురుమయ్య. "ఆమె ఇంట్ల గుంట నాకు కనపడలే."

"గుంట కనపడలేదా!" అంజన్న నోరెళ్లబెట్టాడు. "నా తలుపెనక మేకు కనపడ్డది గద!"

"గా మేకు చూసి చూసే కండ్లు మొద్దుబారినయి."

"ఆమెనన్న చెప్పలేదా?"

"చెప్పింది. ఇనపడలే."

"చెవులు గూడ పోయినయా?"

"పోయినయి."

పంచాయితీ పడిపడి నవ్వింది. అనంతమ్మ నోరు తెరవబోతే కురుమయ్య గుడ్లురిమాడు. "నువ్వు ఊకో. నీకేం తెల్వదు."

పెద్దమనిషి సత్తయ్య కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "ఈయనను పెట్టింది మనమే. తప్పు మనదే. నిధిలకెల్లి మగ్గం గూడ పెట్టియ్యాలె. గా గుంట చందా మాత్రం కురుమయ్య కట్టాలె."

"కడ్త" అన్నాడు కురుమయ్య.

దాంతో పేటలో ఆయన పరువు పోయింది. మరుసటేడు ఆయన వస్తుంటే జనానికి ఒకటే భయం, ఈసారి ఎవరి గుంట కనపడకుండా పోతుందోనని. ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని గుంట దాకా నడిపించారు. "అన్నా, అటకను గూడ మర్చిపోకు" అన్నారు. అంజన్నైతే పట్టపగలు కందిలి వెలిగించి గుంటలోకి పట్టాడు.

"ఇగో, ఇదే గుంట. జర మంచిగ చూడు!"

కురుమయ్య నడుం వంచి, కళ్లు చికిలించి అడిగాడు.

"ఏదీ? యాడుంది?"